కామెరూన్‌ను ముగ్గురు ఏలిన కథ: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

"ఆఫ్రికాను యూరప్ దేశాలు పంచుకున్నాయి" అని స్కూల్లో ఒక్క పేరాలో చదివి వదిలేశాం. పంచుకుంటుంటే అక్కడి మనుషులు ఏం చేశారన్నది ఆ పేరాలో ఉండదు. కామెరూన్ సంగతి ఎప్పుడు ఎత్తినా అవే డౌట్లు తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నా. ఆఫ్రికా పడమటి తీరంలో నైజీరియా పక్కనున్న కామెరూనే ఎందుకంటే, 1884 నుంచి 1961 దాకా 77 ఏళ్ళలో జర్మన్లు, బ్రిటిష్‌వాళ్ళు, ఫ్రెంచివాళ్ళు ముగ్గురూ అక్కడ జెండా ఎగరేశారు. అక్కడి రాజులు, పెద్దలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఉత్తరాలు రాశారు, ఒప్పందాల్లో షరతులు పెట్టారు, అర్జీలు పట్టుకుని సముద్రాలు దాటారు. ఆ కాగితాలకు ఏం గతి పట్టిందన్నదే అసలు కథ. ఏ ప్రశ్న దగ్గరనుంచైనా చదువుకోవచ్చు.

## జెండా పాతకముందు

కామెరూన్ అంటే రొయ్యలట, నిజమా జోకా?

నిజమే. 15వ శతాబ్దం చివర్లో వచ్చిన పోర్చుగీసు నావికులకు వూరి నది సముద్రంలో కలిసేచోట రొయ్యల్లాంటివి కుప్పలు తెప్పలుగా కనిపించాయి, దాంతో దానికి 'రొయ్యల ఏరు' అని పేరు పెట్టేశారు. పోర్చుగీసు మాట జర్మన్ల నోట ఒకలా, ఇంగ్లిష్‌లో ఒకలా, ఫ్రెంచిలో ఇంకోలా మారింది. తమాషా ఏమిటంటే 1950ల్లో దేశాన్ని మళ్ళీ కలపాలన్న నాయకులు కావాలని జర్మన్ల స్పెల్లింగే వాడారు, 'కె' అక్షరంతో. జర్మన్ల మీద ప్రేమ కాదు, ముక్కలు కాకముందు దేశం మొత్తానికీ ఉన్న స్పెల్లింగ్ అదొక్కటే అని.

డువాలా రాజులు దేశాన్ని వాళ్ళే జర్మన్లకు అమ్ముకున్నారట కదా?

ఈ మాట వింటే నాకు చిరాకు. ముందు డువాలా వాళ్ళు ఎవరో చూడాలి. వూరి నది ఒడ్డున ఉండే వర్తకులు. లోపలి అడవుల నుంచి వచ్చే సరుకు (మొదట బానిసలు, ఏనుగు దంతాలు, తర్వాత పామాయిల్) వీళ్ళ చేతుల మీదుగానే యూరప్ ఓడలకు చేరేది. మన మద్రాసు దుబాసీల్లాగా అనుకోండి, కాకపోతే వీళ్ళకు సొంత రాజులు, పడవలు, సైన్యం ఉన్నాయి. బెల్, అక్వా అని రెండు పెద్ద రాజకుటుంబాలు, వాళ్ళ మధ్య ఎప్పుడూ పోటీ. గొడవలు పెరిగి, ధరలు పడిపోతున్నప్పుడు బయటి అండ ఒకటి, అదీ బ్రిటిష్‌వాళ్ళది, ఉంటే బాగుండు అనుకున్నారు.

1884 జులై 12న జర్మన్ వ్యాపార సంస్థల ఏజెంట్లతో సంతకం చేసిన ఒప్పందంలో వాళ్ళు నేలను ధారపోయలేదు. ఊళ్ళున్న నేల, సాగులో ఉన్న నేల ఇప్పటి యజమానులకూ వాళ్ళ వారసులకూ ఉండాలని రాయించుకున్నారు. లోపలి ప్రాంతాలతో వ్యాపారం మా చేతిలోనే ఉండాలని కూడా అడిగారు. అమ్ముకున్నవాళ్ళు ఇలాంటి షరతులు పెడతారా?

వాళ్ళకు కావలసింది బ్రిటిష్‌వాళ్ళయితే జర్మన్లు ఎలా వచ్చారు?

ఆలస్యం వల్ల. 1879లో బెల్, అక్వా రాజులు విక్టోరియా రాణికి ఉత్తరం రాశారు, మమ్మల్ని మీ పాలనలోకి తీసుకోమని. 1881లో ప్రధాని గ్లాడ్‌స్టన్‌కు ఇంకొకటి. ఖర్చు ఎందుకులే అని లండన్ ఏళ్ళ తరబడి నానబెట్టింది. చివరికి కాన్సల్ హ్యూవెట్‌ను పంపారు. ఆయన వచ్చేసరికి జులై 19. జర్మనీ తరఫున గుస్తావ్ నాఖ్‌టిగాల్ జులై 14నే జెండా ఎగరేసి ఉన్నాడు. ఐదు రోజుల తేడా! పాపం ఆ కాన్సల్‌కు జీవితాంతం 'టూ లేట్ హ్యూవెట్' అన్న పేరు ఉండిపోయింది.

## జర్మన్ల 30 ఏళ్ళు

రాజులందరూ సంతకం పెట్టారా?

లేదు. నదికి అవతలి ఒడ్డున లాక్ ప్రీసో అనే రాజు పెట్టనే లేదు, జర్మన్ జెండా వద్దన్నాడు. 1884 డిసెంబరులో జర్మన్ యుద్ధనౌకలు వచ్చి అతని ఊరు తగలబెట్టాయి. ఆ గందరగోళంలో జర్మన్ ప్రతినిధి మాక్స్ బుఖ్‌నర్ రాజు ఇంటి నుంచి 'తాంగే'ను ఎత్తుకుపోయాడు. రాచపడవ ముందు భాగంలో అమర్చే చెక్క శిల్పం అది, రాజరికానికి గుర్తు. ఇప్పటికీ మ్యూనిక్ మ్యూజియంలోనే ఉంది, అతని వంశీకులు ఏళ్ళ తరబడి తిరిగి ఇమ్మని అడుగుతున్నారు.

బెర్లిన్ సమావేశంలో స్కేలు పెట్టి గీసేశారంట, అదే కదా సరిహద్దు?

అందరూ అలానే అనుకుంటారు, కానీ కాదు. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో తేల్చింది ఎక్కువగా రూల్స్: కాంగో, నైజర్ నదుల్లో ఎవరు తిరగొచ్చు, తీరంలో కొత్తగా చోటు ఆక్రమిస్తే మిగతావాళ్ళకు ఎలా చెప్పాలి, ఇలాంటివి. కామెరూన్ గీతలు ఆ తర్వాత ఇద్దరిద్దరు కూర్చుని విడివిడిగా గీసుకున్నవి. ఇంగ్లండ్‌తో కొన్ని, 1894లో ఫ్రాన్స్‌తో ఒకటి, ఇలా 1913 దాకా సాగింది. ఆ టేబుళ్ళ దగ్గర ఆఫ్రికన్ ఒక్కడూ లేడన్నది మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది.

కొండల్లోవాళ్ళు, సైనికులు ఎవరూ ఎదురు తిరగలేదా?

తిరిగారు, గట్టిగానే. కామెరూన్ పర్వతం మీద బువేయాలో బక్వేరి నాయకుడు కూవా లికెన్యే 1891 నవంబరులో జర్మన్ దండును ఓడించి తరిమేశాడు, దండు నాయకుడు గ్రావెన్‌రాయ్ట్ అక్కడే చచ్చాడు. మూడేళ్ళు జర్మన్లు ఆ కొండ జోలికి రాలేదు. 1894లో మళ్ళీ వచ్చి గెలిచారు, ఆ వాలుల్లో నల్లటి అగ్నిపర్వతపు నేలంతా కోకో, అరటి, రబ్బరు తోటల పాలైంది. బక్వేరి వాళ్ళను అక్కరకు రాని ముక్కల్లోకి నెట్టేశారు.

సైనికుల కథ ఇంకా ఘోరం. దహోమే (ఇప్పటి బెనిన్) రాజు దగ్గర బానిసలను కొని వాళ్ళతోనే పోలీసు దళం తయారుచేశారు, కొన్న ఖరీదు తీరేదాకా జీతం లేదన్నారు. 1893 డిసెంబరులో డిప్యూటీ గవర్నర్ లైస్ట్ ఆ సైనికుల భార్యలను భర్తల కళ్ళముందే కొరడాలతో కొట్టించాడు. వాళ్ళు తిరగబడి గవర్నర్ బంగళానే పట్టుకున్నారు. యుద్ధనౌక వచ్చాక ఉరితాళ్ళు సైనికులకు పడ్డాయి, లైస్ట్ ఉద్యోగం మాత్రమే పోగొట్టుకున్నాడు.

సుల్తాన్ ఎన్జోయా జర్మన్ల తొత్తు కదా, అతన్ని ఎందుకంత పొగుడుతారు?

తొత్తు అనడం తొందరపాటు. పశ్చిమ ఎత్తు ప్రాంతాల్లో ఫుంబన్ రాజధానిగా బముమ్ రాజ్యం ఉంది. ఎన్జోయా తండ్రి పొరుగున ఉన్న ఎన్సో వాళ్ళతో యుద్ధంలో చనిపోయాడు, తల శత్రువుల దగ్గరే ఉండిపోయింది. తండ్రి తల లేకుండా కొడుకు రాజరికం నిండదని అక్కడి నమ్మకం. 1902లో జర్మన్లు వచ్చారు. ఎన్జోయా పోరాడకుండా దోస్తీ చేశాడు, 1906లో ఎన్సో మీద వాళ్ళు దండెత్తినప్పుడు తన మనుషులను పంపాడు, తల వెనక్కి తెచ్చుకున్నాడు. ఎవరు ఎవర్ని వాడుకున్నారో మీరే చెప్పండి.

జర్మన్లు రాకముందే, 1896 ప్రాంతంలో, తన భాషకు సొంత లిపి మొదలుపెట్టాడు. మొదట 500 దాకా బొమ్మ గుర్తులు, మార్చి మార్చి 1910కల్లా 80 అక్షరాలకు తెచ్చాడు. బడులు పెట్టాడు, రాజ్య చరిత్ర, మందుల వివరాలు, భూముల లెక్కలు ఆ లిపిలో రాయించాడు. (ఆ లిపి ఇప్పుడు యూనికోడ్‌లో ఉంది, అంటే మీ ఫోన్లో కూడా టైప్ చేయొచ్చు.) 1908లో పూసలు కుట్టిన సింహాసనం ఒకటి జర్మన్ చక్రవర్తికి కానుకగా ఇచ్చాడు, అది బెర్లిన్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఫుంబన్‌కు వచ్చాక, మీ కిందే ఉంటామని కింగ్ జార్జికి ఉత్తరం రాశాడు. వినలేదు, రాజ్యం ఫ్రెంచివాళ్ళకు పోయింది. వాళ్ళకు బలమైన రాజంటే గిట్టదు. బడులు మూయించారు, అధికారాలు ఒక్కొక్కటే కోసేశారు, 1931లో యావుండే నగరానికి తరిమేశారు. 1933లో అక్కడే పోయాడు.

రుడాల్ఫ్ మాంగా బెల్‌ను ఉరి తీయాల్సినంత నేరం ఏం చేశాడు?

ఒప్పందంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు, అంతే. 1884లో సంతకం పెట్టిన బెల్ రాజుకు మనవడు, జర్మనీలో చదువుకున్నాడు, 1908లో రాజయ్యాడు. 1910 నుంచి జర్మన్లకు కొత్త ఆలోచన వచ్చింది: నది ఒడ్డున మంచి నేల తెల్లవాళ్ళకు ఉంచి, డువాలా వాళ్ళను లోపలికి తరలించాలి, మధ్యలో కిలోమీటరు వెడల్పున ఖాళీ జాగా ఉండాలి. దోమలు, మలేరియా అని సాకు. మాంగా బెల్ తుపాకి పట్టలేదు. తాత రాయించుకున్న షరతు ఎత్తి చూపుతూ జర్మన్ పార్లమెంటుకు అర్జీలు పెట్టాడు, లాయర్ను పెట్టుకున్నాడు, తన కార్యదర్శి ఎన్‌గోసో దిన్‌ను రహస్యంగా జర్మనీకి పంపాడు. పత్రికల్లో రచ్చ అయింది, ఎంపీలు కొందరు ప్రశ్నలు అడిగారు. అధికారులకు అది నచ్చలేదు. ఇతర రాజులకు, ఇతర దేశాలకు కబురు పంపి కుట్ర చేశాడని కేసు పెట్టారు. దిన్‌ను జర్మనీలో అరెస్టు చేసి వెనక్కి తెచ్చారు.

ఈలోగా యూరప్‌లో యుద్ధం మొదలైంది. 1914 ఆగస్టు 7న విచారణ, 8న ఇద్దరికీ ఉరి. బెర్లిన్‌లో నాఖ్‌టిగాల్ పేరుతో ఉన్న చౌరస్తాకు 2022 డిసెంబరులో మాంగా బెల్ పేరు పెట్టారు, 108 ఏళ్ళు పట్టింది.

1911లో జర్మన్ కామెరూన్ ఒక్కసారిగా ఎందుకు అంత పెద్దదైంది?

మొరాకో మీద ఫ్రాన్స్, జర్మనీ కొట్లాడుకున్నాయి. మొరాకోను వదిలేస్తే బదులుగా కాంగో వైపు నేల ఇస్తామని ఫ్రాన్స్ బేరమాడింది. రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంత అనుకోండి, ఒక సంతకంతో చేతులు మారింది. అక్కడున్న ఊళ్ళకు ఎప్పుడు తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి.

## యుద్ధం, పంపకం

మొదటి ప్రపంచ యుద్ధం అక్కడ కూడా జరిగిందా?

జరిగింది, ఏడాదిన్నర. డువాలా రేవు 1914 సెప్టెంబరు 27న పడిపోయింది, 1916 జనవరి 1న యావుండే. ఉత్తరాన మోరా కొండ మీద ఒక జర్మన్ దళం ఫిబ్రవరి దాకా లొంగలేదు. ఇటూ అటూ పోరాడినవాళ్ళు, మూటలు మోసినవాళ్ళు ఎక్కువగా ఆఫ్రికన్లే. మిగిలిన జర్మన్లు వేలమంది సైనికులతో, కుటుంబాలతో పక్కనే ఉన్న స్పానిష్ గినీలోకి నడిచి వెళ్ళిపోయారు.

మన దేశం సైనికులూ ఉన్నారు. 1915 ఫిబ్రవరిలో సింగపూర్‌లో తిరుగుబాటు చేసిన 5వ లైట్ ఇన్‌ఫాంట్రీలో మిగిలినవాళ్ళను తర్వాత పంపింది కామెరూన్‌కే.

ఫ్రాన్స్‌కు ఐదింట నాలుగు వంతులు, ఇంగ్లండ్‌కు ఒక వంతు. అంత తేడా ఎందుకు?

ఇంగ్లండ్‌కు కావలసినవి వేరేచోట దొరుకుతున్నాయి. నైజీరియా అంచున రెండు సన్నటి ముక్కలు చాలనుకుంది. 1916లో ఫ్రెంచి ప్రతినిధి పికో మ్యాపు మీద గీసిన గీత (బ్రిటిష్ ప్రతినిధి సైక్స్‌తో కలిసి పశ్చిమాసియాను పంచుతూ గీత గీసిన పికోనే) 1919లో చిన్న మార్పులతో ఖాయమైంది. ఊళ్ళు, పెళ్ళి సంబంధాలు, సంతలు గీతకు అటూ ఇటూ పడ్డాయి.

మాండేట్ అంటే కాలనీ కాదు కదా?

కాగితం మీద కాదు. 1922 నుంచి నానాజాతి సమితి తరఫున 'సంరక్షణ', ఏటా జెనీవాకు రిపోర్టు పంపాలి. గ్రామంలో మనిషికి తేడా పెద్దగా తెలియదు. ఒక్క లాభం మాత్రం ఉంది: ఫిర్యాదు చేయడానికి పైన ఒక ఆఫీసు ఉంది. అర్జీలు రాయడంలో చేయి తిరిగిన డువాలా పెద్దలు 1929లో స్వపాలన ఇవ్వమని జెనీవాకు రాశారు. 1946 నుంచి దాని బదులు ఐక్యరాజ్యసమితి ట్రస్టీషిప్ (అదీ సంరక్షణే, కొత్త పేరుతో) వచ్చాక ఆ తలుపు ఇంకాస్త తెరుచుకుంది.

## రెండు జెండాల కింద

ఇంతకీ బ్రిటిష్ పాలన మెరుగా, ఫ్రెంచ్ పాలన మెరుగా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే. నా లెక్కలో ఫ్రెంచివాళ్ళు చేసి ఏడిపించారు, బ్రిటిష్‌వాళ్ళు చేయక ఏడిపించారు.

ఫ్రెంచి వైపు రోడ్లు, రైలు, ఆసుపత్రులు వచ్చాయి, డాక్టర్ జామో అతినిద్ర జబ్బు మీద ఊరూరా తిరిగి చేసిన పని నిజంగా పెద్దది. కానీ ఆ రైలు 1927లో యావుండే చేరేదాకా వెట్టి మనుషులు రాళ్ళు కొట్టి చచ్చారు. ఏటా ఇన్ని రోజులు ఉచిత చాకిరీ ప్రతివాడికీ తప్పనిసరి. 'ఇండిజెనా' అనే చట్టం కింద అధికారి ఎవర్నైనా విచారణ లేకుండా లోపలేయొచ్చు. వెట్టి 1946లో గాని చట్టప్రకారం పోలేదు. బడిలో ఫ్రెంచి తప్ప మరో భాష వద్దు. యానాం వాళ్ళకు ఫ్రెంచి దొరల పద్ధతులు కొంత తెలుసుగాని, యానాంలో ఇలాంటి వెట్టి రైలు లేదు.

బ్రిటిష్ వైపు పద్ధతి వేరు, స్థానిక పెద్దల చేత పన్ను వసూలు చేయించి, తాము వెనక ఉండటం. నిజాం దగ్గర రెసిడెంటును పెట్టినట్టు. వెట్టి తక్కువ, జైలు భయం తక్కువ. కానీ సొంత బడ్జెట్ కూడా లేకుండా నైజీరియాకు తోకలా కట్టేశారు, బడులు ఎక్కువ మిషనరీలవే, రోడ్లు అంతంతమాత్రం. జోక్ ఏమిటంటే, యుద్ధంలో జర్మన్ల నుంచి లాక్కున్న తోటలను 1924లో లండన్‌లో వేలం వేస్తే పాత జర్మన్ యజమానులే కొనుక్కున్నారు! 1930ల్లో ఆ బ్రిటిష్ ప్రాంతంలో బ్రిటిష్‌వాళ్ళకంటే జర్మన్లే ఎక్కువ. రెండో యుద్ధం తర్వాత ఆ తోటలు ఒక ప్రభుత్వ కార్పొరేషన్‌కు వెళ్ళాయి, బక్వేరి వాళ్ళకు మాత్రం తిరిగి రాలేదు.

గీతకు అటూ ఇటూ పడ్డవాళ్ళు ఏం చేసేవాళ్ళు?

దాటేవాళ్ళు. వెట్టికి మనుషులను పట్టుకుంటున్నారని తెలిస్తే ఫ్రెంచి వైపు నుంచి కుటుంబాలు రాత్రికి రాత్రి బ్రిటిష్ వైపు చుట్టాల దగ్గరికి. అక్కడి తోటల్లో పని దొరికేది. అందరికీ అర్థమయ్యే పిడ్జిన్ ఇంగ్లిష్ జర్మన్ల కాలం నుంచే తోటల్లో నడుస్తోంది కాబట్టి భాషతో ఇబ్బంది లేదు.

జర్మన్ల నమ్మినబంటు చార్లెస్ అతంగానా ఫ్రెంచివాళ్ళ దగ్గర మళ్ళీ ఎలా పెద్ద అయ్యాడు?

ఎవరి కాలంలో ఎవరి భాష మాట్లాడాలో అతనికి తెలుసు. ఎవొండో తెగవాడు, మిషన్ బడిలో జర్మన్ నేర్చుకుని దుబాసీగా మొదలై పెద్ద నాయకుడయ్యాడు. 1916లో జర్మన్లతోపాటు స్పానిష్ గినీకి, అక్కణ్ణుంచి మాడ్రిడ్‌కు వెళ్ళాడు. తిరిగొచ్చాక ఫ్రెంచివాళ్ళు కొన్నాళ్ళు రోడ్డు పనుల మీద పెట్టి, పన్నులు, కూలీలు కావాలంటే ఇతనే దిక్కని గ్రహించి మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టారు. 1943లో చనిపోయేదాకా అక్కడే. ఇతని పేరు చెప్తే కొందరికి గర్వం, కొందరికి కోపం. రెండింటికీ కారణాలున్నాయి.

## స్వాతంత్ర్యం

ఉమ్ ఎన్యోబే ఎవరు? మనం ఎందుకు వినలేదు?

వినకూడదనే చేశారు కాబట్టి. కోర్టు గుమాస్తా, ట్రేడ్ యూనియన్ మనిషి. 1948 ఏప్రిల్‌లో డువాలాలో పుట్టిన యూపీసీ (కామెరూన్ ప్రజల సంఘం) పార్టీకి నాయకుడయ్యాడు. రెండే డిమాండ్లు: రెండు ముక్కలను కలపండి, స్వాతంత్ర్యానికి తేదీ చెప్పండి. 1952 డిసెంబరులో న్యూయార్క్ వెళ్ళి ఐక్యరాజ్యసమితిలో ఇదే చెప్పాడు. ఊరూరి నుంచి వేల అర్జీలు పంపించారు. 1955లో పార్టీని నిషేధించారు, అతను అడవిలోకి వెళ్ళాడు, 1958 సెప్టెంబరు 13న ఫ్రెంచి సైనికులు కాల్చి చంపారు. తర్వాతి నాయకుడు ఫెలిక్స్ మూమియేకు 1960లో జెనీవాలో విషం పెట్టారు.

1960 జనవరి 1న అహ్మదూ అహిజో నాయకత్వంలో ఫ్రెంచి భాగానికి స్వాతంత్ర్యం వచ్చింది, అడిగినవాళ్ళకు కాకుండా అడగనివాళ్ళకు. పోరాటం ఆగలేదు, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. ఎన్యోబే పేరు పైకి అనడం 1991 దాకా ప్రమాదమే. అక్కడ తాము చేసింది యుద్ధమని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఒప్పుకున్నది 2025లో.

1961 ఓటింగ్‌లో బ్రిటిష్ ముక్క సొంత దేశం ఎందుకు కోరుకోలేదు?

బ్యాలెట్‌లో ఆ ఆప్షనే లేదు. 1961 ఫిబ్రవరి 11న అడిగింది రెండే: నైజీరియాలో కలుస్తారా, కామెరూన్‌లో కలుస్తారా? దక్షిణ భాగంలో 2,33,571 ఓట్లు కామెరూన్‌కు, 97,741 నైజీరియాకు. నైజీరియా కింద ఉన్నన్నాళ్ళూ ఉద్యోగాలు, వ్యాపారం నైజీరియా ఇగ్బో తెగవాళ్ళ చేతిలోనే ఉన్నాయన్న ఉక్రోషం, కామెరూన్‌లో కలుద్దామన్న స్థానిక నాయకుడు ఫోంచా పార్టీకి బాగా పనికొచ్చింది. ఉత్తర భాగం మాత్రం 1,46,296 ఓట్లతో నైజీరియా వైపు వెళ్ళింది. అహిజో ఎంత మండిపడ్డాడంటే, ఆ భాగం నైజీరియాలో కలిసిన జూన్ 1ని సంతాప దినంగా ప్రకటించాడు, హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకు కూడా వెళ్ళాడు, లాభం లేకపోయింది.

## ఇప్పటికీ ఆరని మంటలు

ఇద్దరూ ఆఫ్రికన్లే, మరి ఇంగ్లిష్, ఫ్రెంచి అని కొట్టుకోవడం ఏంటి?

భాష పేరు మీద కనిపిస్తుంది గానీ గొడవ భాష ఒక్కటే కాదు. ఇంగ్లిష్ ప్రాంతానికి వేరే న్యాయ పద్ధతి, వేరే బడి, 1954 నుంచి బువేయాలో సొంత అసెంబ్లీ ఉన్నాయి. 1961 జులైలో ఫుంబన్‌లో కూర్చుని మాట్లాడుకుని ఫెడరేషన్‌గా కలిశారు. 1972లో రిఫరెండం పెట్టి ఫెడరేషన్ తీసేశారు. 1975లో జెండా మీది రెండు నక్షత్రాలు ఒకటయ్యాయి. 1984లో దేశం పేరు కూడా, ఇంగ్లిష్ భాగం కలవకముందు ఫ్రెంచి భాగానికున్న పేరుకే మార్చారు. ఆ చివరిదాన్ని అక్కడివాళ్ళు 'మమ్మల్ని మింగేశారు' అన్నట్టు తీసుకున్నారు.

2016లో లాయర్లు, టీచర్లు రోడ్డెక్కారు: ఇంగ్లిష్ చట్టం తెలియని జడ్జీలను మా కోర్టులకు పంపుతున్నారని, బడులకూ అలాగేనని. జవాబుగా అరెస్టులు, 2017లో 93 రోజులు ఇంటర్నెట్ కట్. అదే ఏడాది అక్టోబరు 1న కొందరు 'అంబజోనియా' అని వేరే దేశం ప్రకటించారు. ఆ తర్వాత రెండు వైపులా తుపాకులే, వేలమంది పోయారు.

బకాసి కేసులో నైజీరియా జనం ఉన్న ఊళ్ళు కామెరూన్‌కు ఎలా వెళ్ళాయి?

ఒక పాత కాగితం వల్ల. బకాసి రెండు దేశాల సరిహద్దులో, చేపలు పట్టేవాళ్ళు ఉండే చిత్తడి నేల, ఎక్కువమంది నైజీరియా వైపువాళ్ళే. కానీ 1913లో ఇంగ్లండ్, జర్మనీ చేసుకున్న ఒప్పందంలో అది జర్మన్ వైపు పడింది. నైజీరియా వాదన బలంగానే ఉంది: 1884 సెప్టెంబరులో నైజీరియా వైపున్న ఓల్డ్ కలబార్ రాజులు ఇంగ్లండ్‌తో చేసుకున్నది రక్షణ ఒప్పందం, కాపాడతానని ఒప్పుకున్నవాడికి ఆ నేలను ఇంకొకడికి ఇచ్చే హక్కు ఎక్కడిది? 2002 అక్టోబరు 10న హేగ్ కోర్టు ఆ వాదన కొట్టేసి 1913 కాగితాన్నే నిలబెట్టింది. 2008 ఆగస్టు 14న నైజీరియా జెండా దించి అప్పజెప్పింది. చేపలవాళ్ళలో కొందరు పడవల్లో సామాను సర్దుకుని నైజీరియాకు వెళ్ళారు, కొందరు అక్కడే ఉండి పన్ను కొత్త ప్రభుత్వానికి కట్టడం మొదలుపెట్టారు.